నల్ల కారు, చీమకుర్తి దుమ్ము: ఏడేళ్ళుగా కడుగుతున్నవాడి మాట

నల్ల కారు కొంటున్నానని చెప్పినప్పుడు మా నాన్న ఒక్కటే అడిగారు. "ఏరా, రోజూ పోయేది చీమకుర్తికి కదా, నలుపెందుకు?" చీమకుర్తి అంటే రాతి క్వారీల ఊరు, దుమ్ముకు కొదవ లేదు. షోరూములో దీపాల కింద ఆ బండి మెరుపు చూసి వచ్చినవాడికి అలాంటి ప్రశ్నలు చెవికెక్కవు. అది 2018 దసరా. అప్పటి నుంచి ఇప్పటికి ఏడేళ్ళు, లక్షా పది వేల కిలోమీటర్లు.

ఈ ఏడేళ్ళలో మైలేజీ ఎంత వస్తుందని అడిగినవాళ్ళు తక్కువ. "ఎన్నాళ్ళకోసారి కడుగుతారు, ఎంత సేపు పడుతుంది?" అన్నదే అందరి ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను. మామూలు రోజుల్లో పదిహేను రోజులకోసారి, యాభై నిమిషాలు. మధ్యలో ఒకసారి సబ్బు జోలికి పోకుండా ఒట్టి నీళ్ళతో పది నిమిషాలు. ఈ లెక్క కుదరడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఒకసారి బండి మొత్తానికి పాలిషింగ్ ఖర్చు కూడా పడింది.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. క్వారీల నుంచి రాతి దిమ్మెలు మోసుకొచ్చే లారీల వెనుక రోజూ ఆ దారిన పోయి వచ్చేవాడిని. నేను పని చేసేది ఒక రాతి పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో. అక్కడ తెరిచి ఉంచిన టీ గ్లాసులో కూడా పది నిమిషాలకు బూడిద రంగు తెట్టె కడుతుంది. చీమకుర్తిలో తవ్వే మా నల్ల గెలాక్సీ రాయిని లోకమంతా గ్రానైట్ అంటుంది గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఏ పేరుతో పిలిచినా, పొడి అయ్యాక అది కారు పాలిటి ఉప్పుకాగితమే. కారు రంగు మీద ఉండే పారదర్శక పూత, క్లియర్ కోట్ అంటారు, మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పలుచన. మేం పీల్చే గాలిలో ఉన్న దుమ్ము దానికన్నా గట్టిది.

ఇది తెలియని రోజుల్లో అపార్టుమెంటులో అద్దెకు ఉండేవాళ్ళం. నెలకు 500 ఇస్తే వాచ్‌మన్ రోజూ తెల్లవారుజామునే అన్ని కార్లూ తుడిచిపెట్టేవాడు. ఒకే పాత బనియన్ గుడ్డ, ఒకే బకెట్టు, పదకొండు కార్లు. నా కారు వరుసలో తొమ్మిదోది. పాపం ఒక్క రోజు మానలేదు. ఆ నిష్ఠే కొంప ముంచింది. రెండేళ్ళు తిరిగేసరికి ఎండలో బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు కనిపించాయి. తెల్ల కారుకు కూడా అవే గీతలు పడతాయి, కాకపోతే పైకి కనిపించవు. నలుపు ఏదీ దాచదు.

ఊరికి పోయినప్పుడు నాన్నకు చూపించాను. ఆయన చిన్నప్పటి నుంచి ఒంగోలు గిత్తలతోనే పెరిగిన మనిషి, కనుమ నాడు చెరువులో ఎద్దులను తోమడం ఆయనకొక క్రతువు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "గడ్డిచుట్ట నీళ్ళలో ముంచకుండా ఒంటి మీద పెడితే ఎద్దు తంతుంది. ఇది తన్నదు, అందుకని మీరు రుద్దుతున్నారు" అన్నారు. కారు కడగడం గురించి ఆ తరువాత నేను చదివినదంతా ఆ మాటకు వివరణే. దుమ్ము పట్టిన కారును పొడి గుడ్డతో తుడవకూడదు. రోజూ అలా తుడవడం కన్నా నెలరోజులు అసలు ముట్టుకోకపోవడమే నయం. ఈకల కుంచెలు, మెత్తని బ్రష్షులు అన్నీ ఇందులోకే వస్తాయి. దుమ్మును ముందు నీళ్ళతో జార్చాలి, చెయ్యి ఆ తరువాతే పడాలి.

వాచ్‌మన్ తరువాత వాటర్ సర్వీసింగ్ షెడ్డుల వంతు. నురగ కొట్టి కడగడానికి అప్పట్లో 400, ఇప్పుడు 600. బండి ర్యాంపు ఎక్కుతుంది కాబట్టి అడుగు భాగం మాత్రం అక్కడ కడిగినట్టు ఇంట్లో కడగలేం. ఆ ఒక్క పనికి నేను ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు పోతాను. మిగతాదంతా తొందరే. "ఇరవై నిమిషాలు సార్" అంటారు. నిజంగానే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అందులో ఆరబెట్టడానికి కేటాయించేది రెండు నిమిషాలు, అదీ అంతకు ముందు కారు చక్రాలు తుడిచిన గుడ్డతో. ఒకసారి అడుగున తుప్పు పట్టకుండా డీజిల్ కొడతామన్నారు, సరే అన్నాను. తిరిగి వస్తుంటే దారిలోని దుమ్మంతా ఆ డీజిల్‌కు అంటుకుని, అడుగు భాగం పిండివడియంలా తయారైంది. డీజిల్ రబ్బరు బుష్షులకు కూడా మంచిది కాదు. వద్దని చెప్పండి.

2020లో సొంత ఇంటికి మారాక, లాక్‌డౌన్ ఖాళీలో ప్రెషర్ వాషర్, అంటే నీళ్ళను గట్టి ఒత్తిడితో చిమ్మే మిషను, కొన్నాను. చిన్నది, ఇళ్ళలో వాడే రకం, 130 బార్ల ఒత్తిడి అని డబ్బా మీద రాశారు. కంపెనీ పేరు అనవసరం, ఈ ధరలో అన్నీ అన్నదమ్ములే. ఐదేళ్ళ వాడకం మీద చెబుతున్నాను, కొన్న వస్తువుల్లో నాకు బాగా నచ్చినది ఇదే, బాగా విసిగించినది కూడా ఇదే. గుడ్డ తాకకుండానే నూటికి తొంభై వంతుల రాతిపొడిని జార్చేస్తుంది, అది దాని గొప్ప. చక్రాల లోపలి అంచుల్లో, మడ్‌గార్డుల కింద గట్టిపడిన బురదను చెక్కినట్టు తీసేస్తుంది. నాజిల్‌ను రంగుకు ఒక అడుగు దూరంలోనైనా ఉంచాలి. నేను మొదటి నెలలోనే అత్యుత్సాహంతో దగ్గరికి పెట్టి, వెనుక బంపర్ మీద రాయి తగిలి లేచిన చోట రూపాయి బిళ్ళంత రంగు ఎగరగొట్టుకున్నాను.

విసిగించిన సంగతి నీళ్ళది. మా వీధిలో బోరు నీళ్ళు చవుడు. బిందెలో పోస్తే వారానికి తెల్లటి గార కడుతుంది. ఆ గార మిషను పంపులోనూ కడుతుంది. రెండో ఏడాది నాజిల్ మూసుకుపోయింది, మూడో ఏడాది పంపు సీళ్ళు పోయి నీళ్ళు కారాయి. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ వచ్చినవాడు పైపు మొదట్లో ఫిల్టరు ఎందుకు పెట్టలేదని నన్నే కోప్పడ్డాడు. ఫిల్టరు ధర 150 రూపాయలు. డబ్బాలో ఇవ్వలేదు, పుస్తకంలో చెప్పలేదు. మీరు కొంటే మొదటి రోజే పెట్టుకోండి. పని అయ్యాక మోటారు ఆపి, గన్ను నొక్కి, పైపులో మిగిలిన నీళ్ళు మొత్తం వదిలేయండి. ఇంకొకటి, దీని మోత. ఆదివారం ఉదయం ఐదున్నరకు ఇది మొదలెడితే ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరకు వచ్చి నిలబడతారు. ఏమీ అనరు. ఊరికే నిలబడతారు.

నీళ్ళ ఖర్చు విషయంలో మాత్రం మిషనుదే గెలుపు. అంతకు ముందు పైపుతో కడిగేటప్పుడు ఒకసారి లెక్క వేశాను. మా పదహారు లీటర్ల బకెట్టు యాభై సెకన్లలో నిండింది. పావుగంట పైపు తెరిచి ఉంచితే 290 లీటర్ల దాకా పోయినట్టే. మిషను నిమిషానికి ఆరు లీటర్లు తాగుతుంది, అదీ గన్ను నొక్కినప్పుడే. పన్నెండు నిమిషాల వాడకానికి 72 లీటర్లు, సబ్బు పనికి రెండు బకెట్లు. అన్నీ కలిపి వందకు కాస్త పైన. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు కూడా రాని ఊళ్ళో ఈ తేడా చిన్నది కాదు. మే నెలలో నడివీధిలో పైపు పట్టుకుని కారు కడిగేవాడిని జనం చూసే చూపు నాకు తెలుసు, ఆ చూపులో న్యాయం ఉంది.

చవుడు నీళ్ళతో అసలు గొడవ కడిగిన తరువాత మొదలవుతుంది. ఆరిన ప్రతి చుక్కా ఒక తెల్లటి వలయాన్ని మిగులుస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అవి. వెంటనే అయితే వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేస్తే పోతాయి. ఎండలో కాలితే మాత్రం పూతను తినేసి గుంటలు పడతాయి, వాటికి పాలిషింగ్ తప్ప మందు లేదు. నా పాలిషింగ్ ఖర్చులో సగం వాచ్‌మన్ గుడ్డ ఖాతాలోది, సగం మా బోరు ఖాతాలోది. మూడేళ్ళు తిప్పలు పడ్డాక ఒక ఉపాయం దొరికింది. ఏసీ నుంచి కారే నీళ్ళు. గాలిలోని తేమే చల్లబడి నీరవుతుంది కాబట్టి అందులో లవణాలు ఉండవు. సముద్రం దగ్గరి ఊరు, ఉక్కకు లోటు లేదు, వేసవిలో రాత్రంతా నడిస్తే సగం బకెట్టుకు పైనే వస్తుంది. పలుచని గుడ్డతో వడపోసి పెట్టుకుని, చివరి చుట్టు చెంబుతో ఆ నీళ్ళు పోస్తాను. అద్దాలు, బానెట్, టాపు, డిక్కీ, ఈ నాలుగింటికీ సరిపోతే చాలు. వైపరు ట్యాంకులో పోసేదీ అవే. చలికాలంలో ఏసీ ఉండదు కాబట్టి ఆ మూడు నెలలూ మునిసిపల్ కుళాయి నీళ్ళు ఒక బకెట్టు దాచుకోవాలి. ఇంట్లో అందరికీ ఆ బకెట్టు ఏమిటో తెలుసు. తెలియని చుట్టాలు కాళ్ళు కడుక్కుంటారు.

యాభై నిమిషాలు ఎక్కడ పోతాయని అడిగేవాళ్ళకు: ముందుగా చక్రాలు, పది నిమిషాలు. వాటి మురికి మిగతా బండి మీద చిందుతుంది కాబట్టి అవే మొదట. మిషనుతో పై నుంచి కిందికి దుమ్ము జార్చడం ఎనిమిది. కారు షాంపూతో చేతి పని పదమూడు, దీనికి రెండు బకెట్లు ఉండాలి, ఒకటి సబ్బుది, రెండోది గుడ్డను జాడించడానికి. రెండో బకెట్టు అడుగున పేరుకున్న ఇసుక చూస్తే ఒక బకెట్టుతో ఇన్నాళ్ళూ ఏం చేశామో అర్థమవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, ఉన్న కాస్త మైనపు పూతను అది ఒలిచేస్తుంది. మళ్ళీ కడగడం ఏడు. మిగిలిన పన్నెండూ ఆరబెట్టడానికే. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును పరిచి లాగాలి, రుద్దకూడదు. వేసవిలో ఈ పన్నెండు నిమిషాలే పరుగు పందెం. రోహిణి కార్తెలో ఏడు గంటలకే బానెట్ చెయ్యి పెట్టనివ్వదు, ఆరున్నరకు గుడ్డ పిండేయాలి. అయ్యాక వీధి చివరి దాకా నడిపి, రెండు మూడు సార్లు బ్రేకులు వేసి రావాలి. లేదంటే మరునాటికి డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. ఆ తుప్పు ప్రమాదం కాదు, చూస్తేనే గుండె జారుతుంది.

పదిహేను రోజులన్నది పంచాంగం కాదు. సంక్రాంతి ముందు రోజుల్లో మంచు పడి, దాని మీద రాతిపొడి చేరి, మరునాటి ఎండకు అట్టులా పేరుకుంటుంది. అప్పుడు పది రోజులకే కడుగుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వాయుగుండం పట్టినప్పుడు పై భాగాన్ని వదిలేసి, మడ్‌గార్డుల కింద బురద మాత్రం తీస్తాను. వానే కడిగేస్తుందని కొందరంటారు. వాన దుమ్మును పోగొట్టదు, చారలుగా మార్చి పోతుంది. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు కొత్తపట్నం పోయి వస్తే ఎంత అలసిపోయినా మరునాడు అడుగు భాగం మంచినీళ్ళతో కడగాలి. నాలుగో ఏడాది నేను బద్ధకించాను, వెనుక తలుపు కింది అంచున తుప్పు పొక్కు లేచింది. తలుపు అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, అవి ఇసుకతో మూసుకుపోయాయని అప్పుడే తెలిసింది. పుల్లతో పొడిచి చూసుకోండి.

పక్షి రెట్టకు వారం, వర్జ్యం లేవు. కనిపించిన గంటలో తడి గుడ్డ దాని మీద రెండు నిమిషాలు కప్పి, నానాక ఎత్తేయాలి. మా ఆఫీసు ముందు వేపచెట్టు నీడ కోసం పోటీ పడే కొత్త కుర్రాళ్ళను చూస్తే జాలి వేస్తుంది. లోపలి శుభ్రతకు నెలకొకసారి ఇరవై నిమిషాలు, అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

మొన్న ఒక మిత్రుడు తన తెల్ల కారు తెచ్చి నా నల్ల కారు పక్కన పెట్టి, ఏది పాతదో చెప్పమని వీధిలో వాళ్ళను అడిగాడు. ముగ్గురిలో ఇద్దరు అతని కారే పాతదన్నారు. అది 2022లో కొన్నది. మూడో ఆయన ఎదురింటి పెద్దాయన, మిషను మోత మీది కోపంతో నాదే పాతదన్నారు. నిజం కూడా అదే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ఇక మిగిలింది దసరా. ఆయుధ పూజకు బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం పట్టించి రెండు రోజులు అలాగే ఉంచేవాళ్ళం. గంధం ఎండి గట్టిపడ్డాక గోకితే ఏమవుతుందో 2019లో చూశాను. ఈసారి పసుపు బొట్లు నంబరు ప్లేటుకే పరిమితం చేయడానికి మా ఆవిడను ఒప్పించాను. బండి ముందు కొట్టే గుమ్మడికాయను గేటు బయట కొట్టాలా, లోపల కొట్టాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.