చిన్న చేపా, పెద్ద చేపా: పాదరసం లెక్కలో ఏది మేలు?

మంచినీటి చేపల గురించి ఎప్పుడు రాసినా చివరికి వచ్చే ప్రశ్న ఇదే. ముల్లుతో సహా నమిలేసే చిన్న చేపలు మంచివా, ముక్కలు కోసుకునే, ఇతర చేపల్ని మింగి బతికే పెద్ద వేటచేప మంచిదా? చిన్నవి తినేవాళ్లకు తల, పొట్ట కూడా లోపలికి పోతున్నాయన్న అనుమానం. పెద్దవి తినేవాళ్లకు పాదరసం భయం. రెండు భయాలూ నిజమే, కానీ రెండింటి బరువూ ఒకటి కాదు.

ముందు పాదరసం సంగతి. ఆక్సిజన్ అందని అడుగు బురదలో కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని మిథైల్ మెర్క్యురీగా, అంటే ఒంట్లో పేరుకుపోయే పాదరస రూపంగా మారుస్తాయి. అసలు పెద్ద గెంతు చేప దగ్గర జరగదు, నాచు దగ్గరే జరిగిపోతుంది. నీటిలో ఉన్నదానితో పోలిస్తే నాచు కణంలో దాని గాఢత పది వేల రెట్లు, లక్ష రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అక్కడి నుంచి జంతు ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవాలు), చిన్న చేప, దాన్ని మింగే చేప... మెట్టు మెట్టుకూ మరికొన్ని రెట్లు. తిన్న తిండి ఖర్చయిపోతుంది గానీ మాంసకృత్తులను అంటిపెట్టుకున్న మిథైల్ మెర్క్యురీ బయటికి పోవడం మహా నిదానం. అది చేరేది కండలో. అందుకే తోలు ఒలిచినా, కొవ్వు తీసేసినా, ఎంతసేపు ఉడికించినా పోదు.

పోషకాలు ఇలా ఎక్కవు. ఒమేగా-3 కొవ్వులను కూడా తయారుచేసేది నాచే. ప్లవకాల దాకా బాగానే పోగుపడతాయి. ఆపైన చేప వాటిని వాడుకుంటుంది, కరిగించుకుంటుంది, కాబట్టి మెట్టు మెట్టుకూ రెట్టింపవుతూ పోవు. అంటే పైమెట్టు చేపలో దాదాపు అదే పోషకానికి తోడు ఎన్నో రెట్ల పాదరసం. నా తూకం ఇక్కడే చిన్న చేప వైపు ఒరిగింది. పైగా ముళ్లతో తింటే కాల్షియం అదనం.

ఒక లెక్క చూడండి. మిథైల్ మెర్క్యురీకి అంతర్జాతీయ నిపుణుల సంఘం 2003లో పెట్టిన హద్దు, కిలో శరీర బరువుకు వారానికి 1.6 మైక్రోగ్రాములు. గర్భంలోని బిడ్డను దృష్టిలో పెట్టుకుని కట్టిన హద్దు అది. 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్న ముసలి వేటచేప అనుకుందాం: వారానికి 96 గ్రాములతో కోటా అయిపోయింది. అదే 0.05 మిల్లీగ్రాములున్న చిన్న చేపైతే 1.9 కిలోలు తినొచ్చు. ఎవరు తింటారు అంత!

ఇక చిన్న చేప మీద ఉన్న ఫిర్యాదు. సీసం ఎముకలో చేరుతుంది, కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో. పెద్ద చేప ముక్కలో ఈ భాగాలేవీ మనం తినం, చిన్న చేపలో అన్నీ తింటాం. అయితే సీసం, కాడ్మియం పాదరసంలా మెట్లెక్కవు. పైకి పోయేకొద్దీ సాధారణంగా తగ్గుతాయి, ఆర్సెనిక్ కూడా అంతే. పొట్ట తీసేస్తే కాడ్మియం చాలావరకు పోతుంది. చిక్కేమిటంటే కొన్ని రకాల చిన్న చేపల్లో విటమిన్ ఎ కూడా కళ్లలో, పొట్టలోనే ఎక్కువ. తలకాయ ఉంచి పొట్ట తీయడం నా రాజీమార్గం. గనుల వ్యర్థాలు కలిసే నీళ్లలోనో, బ్యాటరీల తుక్కు కరిగించే చోటనో పట్టిన చిన్న చేపల్ని మాత్రం నేను ముట్టను.

నిజానికి సైజు కన్నా చూడాల్సింది వయసు, పెరిగిన వేగం. మంచి మేత దొరికి త్వరగా పెరిగిన చేపలో పాదరసం ఎక్కువ కండకు పంచబడి పలుచబడుతుంది. మేత చాలక ఏళ్ల తరబడి నత్తనడకన పెరిగినదాంట్లో చిక్కబడుతుంది. అందుకే అద్దంలాంటి నీళ్లున్న సరస్సు చేప శుభ్రమైనదని నమ్మకండి. నాచు కణాలు తక్కువైతే ఒక్కో కణం వాటాకు పాదరసం ఎక్కువొస్తుంది. అలాగని పచ్చగా పేరుకున్న నీళ్లను చూసి సంబరపడేదీ లేదు, నీలి ఆకుపచ్చ నాచులో మనకు కావలసిన ఒమేగా-3లు దాదాపు ఉండవు. కొత్తగా కట్టిన జలాశయాలు ఇంకో రకం. మునిగిన నేల, చెట్టూచేమా కుళ్లి మిథైల్ మెర్క్యురీ పెరుగుతుంది, చేపల్లో అది దిగడానికి పదేళ్లు, ఒక్కోచోట ముప్ఫై ఏళ్లు.

చిన్న చేపలకు ఇంకో సుగుణం, కాలుష్యం ఆగితే త్వరగా తేరుకుంటాయి. కెనడాలోని ఒంటారియోలో 658వ నంబరు సరస్సులో 2001 నుంచి ఏడేళ్లు గుర్తుపట్టడానికి వీలైన పాదరసాన్ని కావాలనే కలిపారు. ఆపేశాక ఆ గుర్తున్న పాదరసం ప్లవకాల్లో, చిన్న చేపల్లో చకచకా పడిపోయింది. పెద్దవాటిలోనూ తగ్గింది గానీ అంత త్వరగా కాదు.

పెంపకం చేపల మాటేమిటంటారా? ఆయుష్షు తక్కువ కాబట్టి పాదరసమూ తక్కువే, మిగతాదంతా వాటికి వేసే మేతను బట్టి. పెద్ద చేపే కావాలనేవాళ్లకు గ్రాస్ కార్ప్ (గడ్డిచేప) ఉంది. పది కిలోలు దాటినా నీటి మొక్కలు మేసేదే, కింది మెట్టు వదలదు, పై మెట్టు ఎక్కదు.