నూక్‌కు వెళ్తే: ఎలా చేరాలి, ఎక్కడ బస, దేనికి ఖర్చు పెట్టాలి

గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కు మరే ఊరి నుంచీ రోడ్డు లేదు. దేశ జనాభాలో మూడోవంతు మంది, అంటే 20 వేలకు దగ్గరగా, ఇక్కడే ఉంటారు. కార్లున్నాయి, సిటీ బస్సులున్నాయి, కానీ ఊరు దాటాలంటే పడవో విమానమో ఎక్కాల్సిందే.

2024 నవంబర్ 28 వరకు ఇక్కడి రన్‌వే కిలోమీటరు కూడా ఉండేది కాదు. పెద్ద విమానాలు కాంగెర్లుస్సువాక్‌లో దిగేవి, అక్కడి నుంచి చిన్న విమానంలో రావాలి. ఇప్పుడు 2,200 మీటర్ల రన్‌వే వచ్చింది. కోపెన్‌హాగెన్ నుంచి నేరుగా అయిదు గంటల లోపే చేరుకోవచ్చు. 2025 వేసవిలో అమెరికాలోని న్యూఆర్క్ నుంచి కూడా విమానాలు మొదలయ్యాయి. రన్‌వే పెరిగినా పొగమంచు, గాలి మాత్రం పాతవే. దిగడం కుదరకపోతే విమానం వేరేచోటికి మళ్లుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. అందుకే తిరుగు ప్రయాణంలో అదే రోజు మరో విమానం పెట్టుకోకండి. చివర్లో కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది వీసా దగ్గరే. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో, లేదు. మామూలు షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. డెన్మార్క్ ఇచ్చే వీసా మీద ‘గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుంది’ అని ఉండాలి, దరఖాస్తులోనే ఆ మాట అడగాలి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు కూడా చూసుకోవాలి. అది ముగిసి ఉంటే కెనడాకు వెళ్లి వచ్చినట్టు ఇక్కడి నుంచి అమెరికాకు తిరిగి వెళ్లలేరు.

బసకు ఊరి నడిమధ్యన హోటల్ హాన్స్ ఎగెడె ఉంది, ముఖ్యమైనవన్నీ అక్కడి నుంచి నడక దూరమే. నావికుల కోసం పుట్టిన హోటల్ సోమా ఓడరేవు వైపు ఉంటుంది, సాదాసీదాగా ఉంటుంది. శాకాహారులకు మాత్రం ఈ రెండిటికన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంటే నయం. కూరగాయలు ఎక్కువగా ఓడల్లో వస్తాయి కాబట్టి ధర ఎక్కువ, రకాలు తక్కువ. పప్పు, మసాలాలు వెంట తీసుకెళ్తే సూపర్‌మార్కెట్‌లో బియ్యం, బంగాళదుంపలు కొనుక్కుని రోజులు గడిపేయొచ్చు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. కరెన్సీ డేనిష్ క్రోన్, కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది. గ్రీన్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కనుక యూరప్ సిమ్‌లోని రోమింగ్ ఇక్కడ వర్తిస్తుందని అనుకోకండి.

పాత రేవు దగ్గరి నేషనల్ మ్యూజియానికి సగం రోజు ఇవ్వండి. 1972లో కిలాకిత్సోక్‌లో దొరికిన, 15వ శతాబ్దపు మమ్మీలు అక్కడున్నాయి. చలికి ఎండిపోయిన ఆ దేహాల మీద చర్మపు దుస్తుల కుట్టు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. నూక్‌లో ఒక్కటే చూడగలిగితే అదే చూడాలి. ఆ తర్వాత బస్సెక్కి ఊళ్లోని కొత్త పేట కింగోర్‌పుట్ వెళ్లండి. కొండ కింద లేచిన కొత్త అపార్ట్‌మెంట్లు చూస్తే ఊరు ఎటు పెరుగుతోందో తెలుస్తుంది. ఒకప్పుడు దేశ జనాభాలో ఒక శాతం మంది ఒకే భవనంలో, బ్లాక్ పీలో, ఉండేవారు. పల్లెల నుంచి వేటగాళ్లను తెచ్చి అందులో పెట్టారు. ఇరుకు తలుపుల్లోంచి వాళ్ల వేట సామాను లోపలికి పట్టేది కాదు. 2012లో దాన్ని కూల్చేశారు.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఫియర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, పడవ ప్రయాణానికి. 1,210 మీటర్ల సెర్మిత్సియాక్ పర్వతాన్ని నీటి మీద నుంచి చూడాలి. వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు ఊరి దగ్గరికే వస్తాయి. పై కప్పులేని పడవైతే జూలైలో కూడా ఉన్ని దుస్తులు, గాలి ఆపే కోటు, చేతి తొడుగులు తప్పనిసరి. ఫియర్డ్ లోపలి గట్ల మీద దోమలు కమ్ముకుంటాయి, తలకు వల తీసుకెళ్లండి.

కుక్కల బండి కోసం నూక్ రావద్దు. ఆ బండ్లు లాగే స్లెడ్ కుక్కలు ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, ఇంకా తూర్పు తీరంలో మాత్రమే ఉంటాయి, నూక్ ఆ వలయానికి దక్షిణాన ఉంది. భారీ మంచుకొండలే కావాలంటే ఉత్తరాన ఉన్న ఇలులిస్సాత్ ఊరికి వెళ్లాలి. ఉత్తర ధ్రువ కాంతులకు సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ వరకు రావాలి, జూన్‌లో రాత్రి పూర్తిగా చీకటి పడదు.