పెద్ద బేస్ హార్నా, చిన్న హార్న్‌తో సబ్‌వూఫరా?

ఇంట్లోనే హార్న్ స్పీకర్లు (బాకా ఆకారపు గొట్టంతో ధ్వనిని పెంచేవి) చేసుకోదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది, బేస్‌ను (లోతైన ధ్వనులను) కూడా హార్న్‌తోనే పలికించాలా, బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్ పెట్టెకు అప్పగించాలా అన్నది.

స్థలం: 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు కాబట్టి, బేస్ హార్న్‌ను ఎంత మడిచినా బీరువా అంత అవుతుంది. సబ్‌వూఫర్ ఒక మూలన ఇముడుతుంది.

శ్రమ: విశాఖ సముద్రపు గాలికి మామూలు ప్లైవుడ్ అంచులు ఉబ్బుతాయి, మడత హార్న్ లోపలి అతుకు ఒకసారి విడిస్తే, పెట్టె కోయకుండా చెయ్యి దూరదు. అందుకే ఖరీదైనా, నీటిని తట్టుకునే మెరైన్ ప్లై తప్పదు. సబ్‌వూఫర్‌కు ఆరు పలకలు చాలు.

పొందిక: అసలు చిక్కు ఇక్కడే ఉంది. హార్న్ సున్నితత్వం (ఒక వాట్ శక్తికి మీటరు దూరంలో వచ్చే ధ్వని స్థాయి) 100 డెసిబెల్స్, సబ్‌వూఫర్‌ది 88 అయితే, సమానంగా వినిపించడానికి రెండోదానికి సుమారు 16 రెట్లు శక్తి కావాలి, అంటే వేరే ఆంప్లిఫయర్ కొనాలి. పైగా మీటరు లోతున్న హార్న్ నుంచి ధ్వని దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వెలువడుతుంది కనుక, సబ్‌వూఫర్ ధ్వనిని డీఎస్‌పీతో (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్‌తో) అంతే ఆలస్యం చేయాలి. క్రాసోవర్ (ధ్వని సబ్‌వూఫర్ నుంచి హార్న్‌కు మారే పౌనఃపున్యం) 100 హెర్ట్జ్ దాటితే సబ్‌వూఫర్ ఎక్కడుందో చెవి పసిగడుతుంది. అప్పుడు దాన్ని హార్న్‌ల పక్కనే పెట్టడం మేలు.

విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌కు సబ్‌వూఫరే సరి. భీమిలి వైపు విశాలమైన సొంత హాలు, వడ్రంగంలో ఓపిక ఉన్నవారు, తక్కువ వాట్ల ట్యూబ్ ఆంప్లిఫయర్‌నే నమ్ముకున్నవారు బేస్ హార్న్ చేసుకోవచ్చు.