ఇంగ్లీష్ పదాల కోసం ఆంకీడ్రాయిడ్: చాలాకాలం వాడాక నా మాట

బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి కావలి నుంచి నెల్లూరుకు రైల్లో తిరిగే రోజుల నుంచి ఆంకీడ్రాయిడ్ అనే ఈ ఫ్లాష్‌కార్డుల యాప్ వాడుతున్నాను. ఆండ్రాయిడ్‌లో ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కార్డుకి ముందువైపు పదం, వెనక అర్థం. గుర్తున్న పదాన్ని చాలా రోజులు ఆగి అడుగుతుంది, మర్చిపోయినదాన్ని వెంటనే మళ్లీ తెస్తుంది. తెలుగు మీడియంలో చదివి, పదాల లిస్టులు బట్టీపట్టి అలసిపోయినవాళ్లకి ఇది పెద్ద ఆసరా.

కానీ ఎవరో తయారుచేసిన డెక్‌లను, అంటే కార్డుల కట్టలను, నమ్ముకోవద్దు. వాటిలో చాలావరకు ఒక ఇంగ్లీష్ పదానికి ఇంకో ఇంగ్లీష్ పదమే అర్థంగా ఉంటుంది. ఆప్షన్లలో గుర్తుపడతాం, వాక్యంలో వాడలేం. మన కార్డు మనమే రాసుకోవాలి, అందులో మనకు తెలిసిన సంగతి ఉండాలి. ‘ఇనండేట్’ అంటే ముంచెత్తడం. నా కార్డు మీద 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లొచ్చిన సంగతి ఇంగ్లీష్ వాక్యంగా ఉంది. ఆ వరద తెలిసిన నెల్లూరు వాళ్లకి ఆ పదం మరుపు రాదు. అర్థాలు దగ్గరగా ఉన్న పదాలకైతే ఇది మరీ అవసరం. ‘ఫ్రూగల్’, ‘స్టింజీ’ రెండూ ఖర్చుపెట్టనివాళ్ల గురించే. మొదటిదానికి పొదుపుగా సంసారం లాక్కొచ్చిన మా అమ్మమ్మ మీద, రెండోదానికి ఒక పిసినారి షావుకారు మీద వాక్యాలు రాశాక, ఒకటి మెచ్చుకోలు, ఒకటి తిట్టు అని మనసులో నిలిచిపోయింది. అయితే ఇలాంటి జంటల్ని ఒకేరోజు చేర్చొద్దు, కలగాపులగమైపోతాయి.

జవాబు చూశాక, పదం మర్చిపోయి ఉంటే ‘ఎగైన్’ బటన్ నొక్కాలి. చాలామంది ‘హార్డ్’ నొక్కుతారు. కష్టపడైనా గుర్తొచ్చింది అని యాప్ దాన్ని లెక్కేసుకుంటుంది, పదం చేజారిపోతుంది. రోజుకు 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది. పని చేసుకుంటూ చదివేవాళ్లు 5కి తగ్గించుకోండి. లేకపోతే కొన్ని వారాలకే రోజూ వందకు పైగా పాత కార్డులు ఎదురుచూస్తుంటాయి, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక ఆ కుప్ప చూస్తేనే టెన్షన్.

ఐఫోన్‌లో ఆంకీ అధికారిక యాప్‌ను డబ్బు పెట్టి కొనాలి. అలా వద్దనుకుంటే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ అనే వెబ్‌సైట్ ఉచితమే, రోజువారీ రివిజన్‌కి అది సరిపోతుంది.