విండోస్ 10 నుంచి 11కి: రెండేళ్ల వాడకం తర్వాత

యంత్రం ఐ3-8100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతిలో) వేసిన విండోస్ 10. ఏడెనిమిదేళ్ల కిందట షాపులో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లు చాలావరకు ఈ బాపతే. అప్‌గ్రేడ్ నడిచేది గంటో రెండు గంటలో. యంత్రాన్ని దానికి సిద్ధం చేయడానికే ఓ ఆదివారం పోతుంది.

విండోస్ 11కి యంత్రం సరిపోతుందో చూసే మైక్రోసాఫ్ట్ యాప్ పీసీ హెల్త్ చెక్ కుదరదు అనగానే బెంబేలు పడక్కర్లేదు. విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 ఐ3-8100 లాంటి ఎనిమిదో తరం ఇంటెల్‌లో ఉంటుంది, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పీటీటీ పేరుతో ఆపేసి ఉంటుంది, అంతే. ఏఎండీలో దాని పేరు ఎఫ్‌టీపీఎం. అన్యాయమైపోయింది ఏడో తరం వాళ్లు. ఐ5-7400కీ ఐ3-8100కీ నాలుగేసి కోర్లే, ఇంటి పనుల్లో తేడా కనిపెట్టడం కష్టం. అయినా మొదటిది ఏడో తరం కాబట్టి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో లేదు. యూఎస్‌బీ ఇన్‌స్టాలర్ తయారుచేసే రూఫస్‌తో దొడ్డిదారిన ఎక్కించవచ్చు గానీ, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మామూలుగా దానంతటది రాదు, ప్రతిసారీ ఐఎస్‌ఓ (మొత్తం ఇన్‌స్టాలర్ ఫైలు) దించుకోవాలి. అంతకంటే విండోస్ 10లోనే ఉండి మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం ఈఎస్‌యూలో చేరడం నయం. 2025 అక్టోబర్ 14తో ఆగిన భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి.

అసలు చిక్కు విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్‌ది, అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ కానిచ్చే ఏర్పాటుది. దానికి యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) కావాలి, యూఈఎఫ్‌ఐకి జీపీటీ (కొత్త పార్టిషన్ పద్ధతి) డిస్క్ కావాలి. ఇక్కడ చాలామంది ముందే బయోస్‌లోకి వెళ్లి, పాత బూట్ పద్ధతికి వీలిచ్చే సీఎస్‌ఎం ఆపేస్తారు. పాత పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్‌లో ఉన్న డిస్క్ అప్పుడు బూట్ కాదు. ముందు విండోస్‌లోనే, ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌ను వ్యాలిడేట్ స్విచ్‌తో నడిపి చూడాలి, పాసైతేనే కన్వర్ట్. షాపులో సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసి ఇచ్చిన డిస్క్ సాధారణంగా ఈ పరీక్షలో ఫెయిలవుతుంది. మూడు ప్రైమరీ పార్టిషన్ల తర్వాతి ముక్కలన్నీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్‌గా ఉంటాయి, ఈ కమాండ్ వాటిని ఒప్పుకోదు. వాటిలోని ఫైళ్లు వేరే డిస్క్‌కు కాపీ చేసుకుని, లాజికల్ ముక్కల్నీ, వాటిని మోసే ఎక్స్‌టెండెడ్‌నీ తీసేసి మళ్లీ వ్యాలిడేట్ చేయాలి. కన్వర్ట్ అయ్యాక నేరుగా బయోస్‌కు వెళ్లి సీఎస్‌ఎం ఆపాలి. అప్పుడు తెర నల్లగా ఉండిపోతే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు. యూఈఎఫ్‌ఐ తెలియని పాత గ్రాఫిక్స్ కార్డు బొమ్మ చూపించదు. కార్డు ఊడదీసి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి చూడండి.

అప్‌గ్రేడ్ మధ్యలో 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ వచ్చి వెనక్కి తిరిగితే చాలాసార్లు డ్రైవర్ గొడవే. బయటి యాంటీవైరస్ తీసేసి, కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీలన్నీ పీకేసి మళ్లీ మొదలుపెట్టాలి. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచుకోండి.

ఇంత చేశాక హార్డ్‌డిస్క్ మీద విండోస్ 11 నత్తనడకే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే ర్యామ్ పెంచి లాభం లేదు, సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాల్సిందే. ఎలాగూ కొనేదే కాబట్టి మొదటే కొనడం మంచిది. పాత డిస్క్ తీగ పీకి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద యూఈఎఫ్‌ఐలో శుభ్రంగా విండోస్ 11 వేసి, తర్వాత పాతదాన్ని మళ్లీ తగిలిస్తే ఆ పార్టిషన్ల తతంగమే ఉండదు. డేటా డిస్క్ ఎంబీఆర్‌గా ఉన్నా అడ్డం లేదు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డును పట్టి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

కొత్తగా వేసినప్పుడు గౌతమి, వాణి అనే పాత తెలుగు ఫాంట్లు కనబడకపోవచ్చు. పాత ఫైళ్లు నిర్మలా యూఐలో తెరుచుకుని లైన్లు జరిగి, పేజీలు పెరుగుతాయి. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్ నుంచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించుకోవాలి. అను ఫాంట్లు వాడేవాళ్లు ఫాంట్ల ఫోల్డరు ముందే దాచుకోవాలి, లేకపోతే పెళ్లిపత్రికలు గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలై కూర్చుంటాయి. కుడి క్లిక్ మెనూ కుదించడం రెండేళ్లకూ అలవాటు కాలేదు. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే పాత మెనూ నేరుగా వస్తుంది.

విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు తాళం) చెప్పకుండానే ఆన్ కావచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఏడెనిమిదేళ్ల బోర్డులో సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే బయోస్ మొదటికొస్తుంది, పీటీటీ ఆగిపోతుంది, విండోస్ ఆ కీ అడుగుతుంది. బ్యాటరీ కూడా ముందే మార్చేయండి.