నీళ్లలో గుడ్లా, నీళ్లపైన నురుగులోనా: కప్పకి ఏది మేలు?

ఆరుద్ర కార్తెలో రాత్రంతా వాన. తెల్లారి చూస్తే విజయనగరంలోని మా పెరటి సిమెంటు తొట్టి గోడకి, నీళ్లకి జానెడు ఎత్తున, తెల్లటి నురుగు ముద్ద. "సబ్బు నురుగేమో, చీపురెట్టి తుడిచీ" అంది అమ్మ. "ఉంచమ్మా, చెట్టుకప్ప గూడు అది" అన్నాను. ఆడకప్ప తన ఒంట్లోంచి వచ్చే జిగురుని వెనక కాళ్లతో గిలక్కొట్టి, అందులో గుడ్లు పెడుతుంది.

అదే రాత్రి వీధి చివరి గుంటలో బోదురుకప్పలు నీళ్లలోనే గుడ్లు పెట్టేశాయి. వాటిది తొందర పద్ధతి. ఒకట్రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, పక్క కప్పల పిల్లల్ని కూడా తినేసి గబగబా పెరుగుతాయి. వాన వెంట వాన పడితే ఇదే మేలు. కానీ మన వైపు తొలకరి ఒకసారి మురిపించి ముఖం చాటేస్తుంది. గుంట ఎండితే అన్నీ పోయినట్టే. నీళ్లలో ఉన్నంతసేపూ చేపల భయం, తూనీగ పిల్లల భయం.

నురుగులో ఆ భయాల్లేవు. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. నాకు ఆశ్చర్యమంతా ఆ జిగురులోని ప్రోటీన్ల మీదే. సబ్బు నురుగైతే గుడ్ల పొరల్ని చెడగొడుతుంది. మధ్య అమెరికాలోని తుంగారా కప్ప కూడా నురుగే కడుతుంది, కాకపోతే నీళ్లమీద తేలేలా. దాని నురుగులో ఆరు ముఖ్యమైన ప్రోటీన్లున్నాయని 2009లో వెల్లడైంది. వాటి పేరు రానాస్పుమిన్లు. రెండోది నీటి బిగువు తగ్గించి బుడగ కట్టిస్తుంది, అయినా గుడ్డుకి హాని చెయ్యదు. మూడు నుంచి ఆరు వరకు లెక్టిన్లు, అంటే చక్కెరల్ని పట్టుకునే రకం. సూక్ష్మజీవులు తినకుండా ఇవి కాపు కాస్తాయి. మన చెట్టుకప్పకి దగ్గరి చుట్టం ఒకటి మలేసియా వైపు ఉంది. దాని గూట్లో రానాస్మర్ఫిన్ అనే నీలం రంగు ప్రోటీన్ దొరికింది!

నా లెక్కలో మన వానలకి నురుగే మేలు. ఒక్క లోటుంది: కొద్ది రోజులకి పిల్లలు గూట్లోంచి జారేసరికి కింద నీళ్లుండాలి. అందుకే మా తొట్టి కడగడం అమ్మ పది రోజులు వాయిదా వేసింది.