ఎర్ర ఇటుక దొరకని ఏడాది కట్టిన ఇల్లు: ఏడేళ్ళ తర్వాత

పిల్లర్లు లేచి, మొదటి స్లాబు పడి, ఇక గోడలు కట్టాలనుకునేసరికి ఎర్ర ఇటుకా కరువైంది, ఏటి ఇసుకా కరువైంది. వానలు ముందే పట్టుకోవడంతో బట్టీలు ఆగాయి, ఇసుక లారీలు రావడం మానేశాయి. రెండు నెలలు చూసి చూసి, చివరికి ఏది దొరికితే అది కొన్నాం. గోడలకు ఏఏసీ అనే తేలికపాటి కాంక్రీటు బ్లాకులు, బాత్‌రూములకూ ప్రహరీకీ బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు, ఇసుక బదులు రాతిని పొడిచేసిన ఎం-శాండ్, తలుపులకు కలప పొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ. ఏరి కోరి తెచ్చుకున్నవి కావు. అయినా ఏడేళ్ళుగా వాటి మధ్యే ఉంటున్నాం కాబట్టి వాటి గుణమూ దోషమూ రెండూ తెలిశాయి.

బ్లాకులతో మొదలుపెడతాను, ఎందుకంటే వాటి దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను, ఎక్కువ దెబ్బా తిన్నాను. ఇవి కొత్త సరుకు అనుకుంటారు గానీ 1920ల్లోనే స్వీడన్‌లో పుట్టాయి. సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ లేదా మెత్తగా నూరిన ఇసుక కలిపిన ముద్దలో కాస్త అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి, పులిసిన పిండిలా పొంగుతుంది. దాన్ని కోసి, పీడనం కింద ఆవిరిలో ఉడికిస్తారు. లోపలంతా సన్నని గాలి గదులే. అందుకే ఎర్ర ఇటుక బరువులో ఇది ఇంచుమించు మూడో వంతు ఉంటుంది.

మా మేస్త్రీ పాతికేళ్ళకు పైగా ఎర్ర ఇటుక కట్టిన మనిషి. చేయి తిరిగినవాడు, రసమట్టం పెట్టకుండానే వరస తప్పు చెప్పగలడు. ఆయన అలవాటు ప్రకారం బ్లాకుల్ని ముందురోజే తొట్టిలో నానబెట్టించాడు. ఎర్ర ఇటుకకు అదే సరైన పద్ధతి. నానకపోతే మాల్‌లోని నీళ్ళన్నీ అది పీల్చేస్తుంది. కానీ బ్లాకు అలా కాదు. నానబెడితే గాలి గదుల్లోకి నీళ్ళు పట్టి, గోడలోకి ఎక్కాక నెలల తరబడి ఆరుతూ, ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. పైగా ఇటుకకు పెట్టినట్టే అరంగుళం మందాన సిమెంటు మాల్ పెట్టారు. పిల్లర్‌కూ గోడకూ మధ్య మెష్ (జాలీ) లేదు. గట్టి సిమెంటు ప్లాస్టరింగు, దాని మీద రోజూ పైపుతో నీళ్ళు. కింది అంతస్తు మొత్తం ఇలాగే తయారైంది.

పై అంతస్తు మొదలయ్యేసరికి బ్లాకులు పంపిన వాళ్ళ సూపర్‌వైజర్ ఒకాయన వచ్చి, తొట్టిని చూసి నోట మాట లేకుండా నిలబడిపోయాడు. అప్పటి నుంచి పద్ధతి మారింది. బ్లాకు మీద దుమ్ము దులిపి బ్రష్షుతో పైపైన తడపడం, సంచుల్లో వచ్చే జాయింటు మాల్‌ను మూడు మిల్లీమీటర్ల మందాన పళ్ళ తాపీతో పూయడం, ఒక్క రోజులో గోడను పూర్తి ఎత్తుకు లేపకపోవడం, పై బీముకు మాల్‌తో బిగించేయకుండా చిన్న సందు వదిలి తర్వాత నింపడం, పిల్లర్ కలిసే చోటల్లా మెష్ వేసి ప్లాస్టరింగు చేయడం. మేస్త్రీకి మొదట కోపం వచ్చింది, నాలుగు రోజులకు ఇష్టం పుట్టింది.

అలా అనుకోకుండా మా ఇల్లే ఒక ప్రయోగమైంది. ఒకే సరుకు, ఒకే మేస్త్రీ, రెండు పద్ధతులు. కింద మొదటి ఏడాదిలోనే పిల్లర్ల పక్కన నిలువు పగుళ్ళు, కిటికీ మూలల నుంచి ఏటవాలు గీతలు వచ్చాయి. పైన ఒకే ఒక్క చోట, అదీ ఎలక్ట్రీషియన్ గాడికోత మిషన్ వదిలేసి ఉలితో కొట్టిన దగ్గర. బ్లాకు గోడలు పగులుతాయని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది నానబెట్టారా అనే.

బ్లాకులతో కట్టిన ఇల్లు చల్లగా ఉంటుందంటారు. అందులో సగం మాట నిజం. పడమటి గోడ సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే లోపలి వైపు చల్లగానే ఉంటుంది. కానీ పై గదుల్లో ఉక్క గోడల నుంచి రాదు, నెత్తి మీది స్లాబు నుంచి వస్తుంది. దానికి బ్లాకు ఏం చేయలేదు. పైకప్పు మీద తెల్ల రంగు వేయించాకే తేడా తెలిసింది. శబ్దం సంగతికొస్తే నాకు అసంతృప్తే. సన్న గోడ పక్క గదిలో ఫోను మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. బరువు తక్కువైన గోడ శబ్దాన్ని ఎంతని ఆపుతుంది?

మేకులు మరో తంటా. సుత్తితో రెండు దెబ్బలకే దిగుతుంది, కేలండరు తగిలించగానే ఊడి చేతికొస్తుంది. పుస్తకాల అర ఒకటి అర్ధరాత్రి ఢామ్మని పడ్డాక, ఈ బ్లాకులకోసమే వచ్చే పొడవాటి నైలాన్ ప్లగ్గులు తెచ్చాను. ఇంకా బరువైన వాటికి గోడకు అటూ ఇటూ బోల్టు వేసి వెనక పట్టీ పెట్టించాను. గీజరు మాత్రం బాత్‌రూములో ఫ్లైయాష్ ఇటుక గోడకుంది కాబట్టి బతికిపోయాం.

ఆ ఇటుకల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అంచులు సూటిగా ఉంటాయి, ప్లాస్టరింగు పలచగా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: వీటికి బలం నెమ్మదిగా వస్తుంది. కరువు రోజుల్లో గిరాకీ ఎక్కువై, మూడు వారాలైనా తడపకుండా పచ్చివే లారీకెక్కిస్తారు. మొదటి లోడు దించుతుంటేనే మూలలు రాలాయి, వెనక్కి పంపాను. రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి.

ఎం-శాండ్ గురించి రెండు రకాలుగా చెప్పాలి. రెండో స్లాబు కాంక్రీటు దాంతోనే వేశాం, ఈ రోజు వరకు చుక్క కారలేదు. రాతిని పగలగొట్టిన ఇసుక కదా, రేణువులు కోసుగా ఉండి కాంక్రీటు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. కూలీలు వెంటనే నీళ్ళ పైపు అందుకుంటారు. నీళ్ళెక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని ఆ పైపు దగ్గర నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీళ్ళ బదులు, కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ మందు కలిపించాం. ప్లాస్టరింగులో మాత్రం మోసపోయాం. కాంక్రీటుకు తెచ్చిన గరుకు ఇసుక అయిపోయి, కంకర కొట్టగా మిగిలే క్రషర్ డస్ట్‌నే ఎం-శాండ్ అని తోలితే చూసుకోలేదు. హాల్లో గోడంతా సాలెగూడు పగుళ్ళు. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు పోసి కుదిపి కాసేపు ఆగితే పైన ఎంత పొడి పేరుకుందో కనిపించేది. ఆ పని తర్వాతి లోడు నుంచి చేశాను.

డబ్ల్యూపీసీ బాత్‌రూము తలుపులకు బంగారం. ఉబ్బలేదు, చెదలు పట్టలేదు. ఎండ పడే పెరటి తలుపు మాత్రం వంగింది. బరువైన తలుపు కబ్జాల స్క్రూలు ఏడాదికోసారి బిగిస్తూనే ఉన్నాను.

కింది హాల్లో పగుళ్ళ చివర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయడం మొదటి ఏడాది నుంచి అలవాటు చేసుకున్నాను. మూడో ఏడు గీసిన గీతను ఏ పగులూ ఇంతవరకు దాటలేదు. వచ్చే ఎండాకాలం వాటిని వి ఆకారంలో తవ్వి, సాగే ఫిల్లర్ నింపి, ఫైబర్ మెష్ అంటించి రంగు వేయిస్తున్నాం. అదే మేస్త్రీతో. ఈసారి తొట్టి తేనన్నాడు.